పాత పెళ్లి నెగెటివ్‌ల స్కానింగ్‌కు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

మీ నాన్నగారు తీసిన నెగెటివ్‌ల కోసం సెకండ్ హ్యాండ్ ఎప్సన్ ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొన్నారు, దాంతో వచ్చిన సీడీ కొత్త విండోస్‌లో ఎక్కడం లేదు, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని అడిగారు. హన్మకొండలో మా బాపు నడిపిన స్టూడియోలో నాకూ రెండు బీరువాల నెగెటివ్‌లు మిగిలాయి. షాపు బంద్ చేశాక రోజూ అదే పని.

ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్‌కు కొత్త డ్రైవర్ ఉందేమో చూడండి. ఉంటే పైసా ఖర్చు లేదు. లేకపోతే వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్. కంపెనీలు వదిలేసిన పాత స్కానర్లను కూడా ఇది నడిపిస్తుంది. ట్రయల్‌లో స్కాన్ మీద వాటర్‌మార్క్ పడుతుంది, పడనివ్వండి. మీ మెషీన్‌తో పని చేస్తుందో లేదో తెలిశాకే డబ్బు కట్టండి. సిల్వర్‌ఫాస్ట్ అని ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో కలర్ నెగెటివ్ రంగులు బాగా వస్తాయి, కానీ లైసెన్స్ స్కానర్ మోడల్‌ను బట్టి ఉంటుంది. సెకండ్ హ్యాండ్ మెషీన్ రేపు మొరాయిస్తే మళ్లీ ఖర్చు. అందుకే నేను వ్యూస్కాన్ తీసుకున్నాను.

సెట్టింగుల దగ్గర నాకు ఒక పెద్ద దెబ్బ తగిలింది, మీకు తగలకూడదు. మా మేనత్త పెళ్లి బ్లాక్ అండ్ వైట్ రోల్‌ను, మీడియా అనే సెట్టింగును కలర్ నెగెటివ్‌లోనే ఉంచి, దుమ్ము, గీతలు పోగొట్టే ఇన్‌ఫ్రారెడ్ క్లీన్ ఆన్ చేసి స్కాన్ చేశాను. పెద్దగా చేసి చూస్తే తలంబ్రాల గింజలు సగం లేవు, జడలో మల్లెపూలు మైనం ముద్దలా అయిపోయాయి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో బొమ్మ అంటే వెండే. ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు దాన్ని దాటదు. తెల్లటి వస్తువులు నెగెటివ్‌లో చిక్కటి వెండిగా ఉంటాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ వాటిని దుమ్ము అనుకుని పూడ్చేసింది. ఆ రోల్ అంతా మళ్లీ చేశాను. మామూలు కలర్ నెగెటివ్‌కు మాత్రం ఇన్‌ఫ్రారెడ్ క్లీన్ పెట్టుకోండి, ఎంతో పని తప్పుతుంది.

కలర్ రోల్‌లో ఇంకో చిక్కు ఉంది. ఆటో ఎక్స్‌పోజర్‌లో ఒకే పట్టుచీర ఫ్రేముకో ఎరుపులో వస్తుంది. ఫ్రేముల మధ్య ఉండే ఖాళీ నారింజరంగు ఫిల్మును వ్యూస్కాన్ ప్రివ్యూలో ఎంచుకుని లాక్ ఎక్స్‌పోజర్ టిక్ చేయండి. మళ్లీ ప్రివ్యూ చేసి లాక్ ఫిల్మ్ బేస్ కలర్ టిక్ చేయండి. ఇక రోల్ అంతా ఒకే తీరుగా నడుస్తుంది.

35 ఎంఎం ఫిల్ముకు 2400 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు అని) చాలు. సుమారు 3400×2270 పిక్సెళ్లు వస్తాయి, 12×8 అంగుళాల ప్రింటుకు సరిపోతుంది. పెట్టె మీద 6400 అని ఉన్నా ఫ్లాట్‌బెడ్‌లో అంత వివరం రాదు, ఫైలు మాత్రం ఉబ్బుతుంది. జేపెగ్ వద్దు, 16 బిట్ టిఫ్ పెట్టండి. కలర్ ఫ్రేము ఒక్కోటి దాదాపు 46 ఎంబీ అవుతుంది కాబట్టి హార్డ్ డిస్క్ ముందే చూసుకోండి. షార్పెనింగ్ ఆఫ్‌లో ఉండాలి, అది తర్వాత ఎడిటింగ్‌లో చేసుకోవచ్చు.

వానాకాలంలో మన దగ్గర నెగెటివ్‌లకు బూజు త్వరగా పడుతుంది, కాబట్టి కవర్లకు అతుక్కుంటున్న రోల్స్‌తో మొదలుపెట్టండి. ముందు ఒక్క రోల్ చేసి, రెండు ఫ్రేములు ల్యాబ్‌లో 12×8 తీయించి ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి. ఆ రోజు చీర ఏ రంగో వాళ్లే చెప్తారు.