కొత్త బ్యాటరీ కూడా దిగిపోతోందా? స్టేటర్ కొనే ముందు ఒక్కసారి మీటర్ పెట్టి చూడండి

బోటు వెనక తగిలించే 40 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ ఇంజన్, బ్యాటరీ కొని రెండు నెలలైనా కాలేదు, తెల్లవారుజామున సెల్ఫ్ బాగానే అందుకుంటోంది, వేట నుంచి తిరిగొచ్చేటప్పుడు టిక్ టిక్‌మని ఊరుకుంటోంది, మెకానిక్ స్టేటర్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే తీగచుట్ట) మార్చాలంటున్నాడు, మార్చమంటారా అని అడిగారు. ఇప్పుడే మార్చకండి. కాకినాడలో మా ఫైబర్ బోటు మీద నాకు అచ్చం ఇలాగే అయింది, రెండు బ్యాటరీలు మార్చాకగానీ అసలు తప్పు ఎక్కడుందో దొరకలేదు.

రాత్రంతా కదపకుండా ఉంచిన బ్యాటరీకి మల్టీమీటర్ పెడితే, నిండుగా ఉన్నది 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజన్ వేసి కాస్త రేజ్ చేసి మళ్ళీ చూడండి (బోటు నీళ్ళలో ఉండగానే వేయండి, ఒడ్డున ఉత్తినే తిప్పితే ఇంజన్‌ని చల్లబరిచే నీటి పంపు ఇంపెల్లర్ మాడిపోతుంది). 13.8 నుంచి 14.5 మధ్యకు ఎక్కితే చార్జింగ్ అవుతున్నట్టే. నాది 12.5 దాటలేదు. అందరూ స్టేటరే అన్నారు. కానీ మీటర్ నల్ల వైరు ఇంజన్ బ్లాక్‌కి ఆనించి, ఎర్ర వైరు రెగ్యులేటర్ (స్టేటర్ కరెంటును బ్యాటరీకి సరిపడేలా చేసి పంపే డబ్బా) నుంచి బయటకొచ్చే తీగ మీద పెడితే 14.3 ఉంది! అంటే ఇంజన్ తన పని తను చేస్తోంది, మధ్య దారిలోనే దాదాపు 2 వోల్టులు పోతున్నాయి.

దారిలో ఉన్నది ఫ్యూజ్ ఒక్కటే. దాన్ని అంతకుముందు రెండు మూడుసార్లు చూశాను, లోపల తీగ తెగలేదు కాబట్టి బాగుందనుకున్నాను. ఈసారి బయటికి లాగి చూస్తే ఒక కాలు గోధుమ రంగుకు తిరిగింది, అది కూర్చునే ప్లాస్టిక్ కొద్దిగా కరిగింది, లోపలంతా పచ్చటి చిలుము. వైరు తొడుగు చీరితే ఎర్రగా ఉండాల్సిన రాగి రెండంగుళాల మేర నల్లబడి ఉంది. ఉప్పుగాలి తొడుగు లోపలికి కూడా పాకుతుందండి, పైకి ఏమీ కనపడదు. మెరిసే రాగి వచ్చేదాకా కోసి, కళాయి పూసిన వైరు అతికించి, మూత ఉన్న కొత్త హోల్డర్ పెట్టి, మళ్ళీ అదే ఆంపియర్ల ఫ్యూజ్ వేశాను. ఆ పూటే బ్యాటరీ దగ్గర 14.1 వచ్చింది.

మీకు రెగ్యులేటర్ దగ్గర కూడా వోల్టేజి పైకి ఎక్కకపోతే అప్పుడు స్టేటర్ సంగతి చూడాలి. ఇంజన్ ఆపి దాని కనెక్టర్ ఊడదీసి మీటర్‌ని ఓమ్స్‌లో (రెసిస్టెన్స్ కొలిచే చోట) పెట్టండి. స్టేటర్ వైర్ల మధ్య రీడింగ్ చాలా తక్కువ రావాలి, ఏ వైరు నుంచీ ఎర్త్‌కి (ఇంజన్ బ్లాక్‌కి) మాత్రం అసలు కలవకూడదు. అవి సరిగ్గా ఉంటే అనుమానం రెగ్యులేటర్ మీదికి పోతుంది. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, టెస్ట్ చేస్తున్నామని ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ వైరు పీకకండి, స్టేటర్ ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫైర్ డయోడ్లు ఆ క్షణమే పోవచ్చు. ప్లస్సు మైనస్సు తారుమారైనా అంతే.

రోజంతా ఇంజన్ స్లోలోనే నడుపుతూ లైట్లు, జీపీఎస్, ఫిష్ ఫైండర్ అన్నీ వేసి ఉంచుతారా? స్లోలో చార్జింగ్ చాలా తక్కువ వస్తుంది, ఏ పార్టూ పాడవకుండానే బ్యాటరీ దిగిపోతుంది. ఇది కూడా చెప్పండి, రెండు చోట్ల వచ్చిన రీడింగులతో పాటు.