స్వరం ఎక్కడ ఆగుతోందో విను

చి. కార్తీక్‌కు మావయ్య ఆశీస్సులు.

నువ్వు బేస్ గిటార్ వాయించి పంపిన మూడు టేకులూ (రికార్డింగులూ) విన్నాను. హెడ్‌ఫోన్లో బేస్ ఉబ్బిపోయి ఉంది, ఫోన్లో పెడితే జాడే లేదు, సౌండు దిద్దే సాఫ్ట్‌వేర్ ప్లగిన్ ఏది కొనమంటావ్ అని అడిగావు. ఏదీ కొనకు. లోపం కంప్యూటర్‌లోకి రాకముందే ఉంది. స్వరాన్ని మీటడం మీద పెట్టిన శ్రద్ధ దాన్ని ఆపడం మీద పెట్టలేదు. ఒక స్వరం తోక తర్వాతి స్వరం తల మీద పడుతోంది, కింద అంతా ముద్దయిపోతోంది. అలా కలిసిపోయాక ఏ ఈక్యూ (కింది, పై స్వరాల మోతాదు పెంచి తగ్గించే సాధనం) కూడా వాటిని విడదీయలేదు.

అయినా ముందు తీగల సంగతి చూద్దాం. అవి చచ్చిపోయి ఉంటే వేళ్లు ఎంత కష్టపడ్డా దండగే. గుండ్రటి తీగ చుట్టిన కొత్త రౌండ్‌వౌండ్ తీగలు మొదటి రోజు గణగణమంటాయి. ఒక్కటే వింటే బాగుంటుంది గానీ, కీబోర్డూ గిటార్లూ ఉన్న నీ పాటలో ఆ లోహపు మోత వాటితో పేచీ పెట్టుకుంటుంది. నికెల్ తీగలు, 45 నుంచి 105 (తీగల మందం) సెట్టు వేసి, నాలుగైదు గంటలు వాయించాక రికార్డు చెయ్యి. తీగ పాతబడటం వేరు, చచ్చిపోవడం వేరు. పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) మీద తీగని నొక్కకుండా తాకి హార్మోనిక్ మోగించు, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి మీటు. బ్రిడ్జ్ మీద తీగ ఆనే శాడిల్‌ని ఎంత సర్దినా ఆ రెండూ కలవకపోతే తీగ పనైపోయిందన్నమాట. సముద్రపు గాలి తగిలే ఊళ్లో చెమటకి తీగలు తొందరగా పోతాయి, వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో అడుగువైపు కూడా తుడువు. తీగల్ని నీళ్లలో పది నిమిషాలు మరగబెడితే మళ్లీ మోగుతాయని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, మోగుతాయి, కొన్నాళ్లు. బాగా ఆరబెట్టకపోతే చుట్ల లోపల తుప్పు పడుతుంది. సెట్టు కొనడానికి డబ్బుల్లేనప్పుడు మాత్రమే ఆ పని.

మెత్తగా, గుండ్రంగా దెబ్బలా పడే మోత కావాలంటే బల్లపరుపు చుట్టున్న ఫ్లాట్‌వౌండ్ తీగలు. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ మీద లా బెల్లా లావు ఫ్లాట్‌వౌండ్‌లు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. మోత అణచడానికి బ్రిడ్జ్ మూత కింద స్పాంజి, మీటడానికి కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. ఆ రికార్డింగుల్లో బేస్ చాలావరకు యాంప్, మైకు లేకుండా నేరుగా మిక్సింగ్ కన్సోల్‌లోకే వెళ్లింది. అతని టోన్ కావాలని చాలామంది ఆ గిటార్ కొంటారు, స్పాంజి సంగతి మర్చిపోతారు.

నీ గిటార్ సెటప్ ఒకసారి కొలిచి చూడు. మొదటి ఫ్రెట్‌నీ చివరి ఫ్రెట్‌నీ ఒకేసారి నొక్కి పట్టుకుని, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడు: 0.3 మి.మీ. ఉండాలి. అంతకంటే తక్కువైతే మొదటి ఐదు ఫ్రెట్లలో బర్రుమంటుంది, ఎక్కువైతే మధ్యలో వేళ్లు నొప్పెడతాయి, శ్రుతి కూడా పైకి లాగుతుంది. మెడ వంపు సర్దే లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ని, ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పకు, తిప్పాక ఒక పూట ఆగి మళ్లీ కొలువు. వానాకాలానికీ ఎండాకాలానికీ మెడ వంపు మారుతుంది, ఏసీ గదిలోంచి బయటికి తెచ్చినా మారుతుంది. నాలుగు తీగల పేర్లు లావు నుంచి సన్నానికి E, A, D, G కదా, పదిహేడో ఫ్రెట్ దగ్గర E తీగ ఎత్తు 2.4, G తీగ ఎత్తు 2 మి.మీ. దగ్గర పెట్టుకుని అక్కణ్ణించి నీ చెయ్యికి తగ్గట్టు సర్దుకో.

పికప్ (తీగ ఊపుని కరెంటుగా మార్చే అయస్కాంతం) ఎత్తు విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సౌండు పెరుగుతుందని పికప్‌ని తీగకి అంటుకునేంత పైకి లేపేస్తారు. అయస్కాంతం లావు తీగని తనవైపు లాగుతుంది, పై ఫ్రెట్లలో స్వరం వణుకుతుంది, ఎంత ట్యూన్ చేసినా శ్రుతిలో నిలవదు. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి చూస్తే E తీగ కింద 3 మి.మీ., G తీగ కింద 2 నుంచి 2.5 మి.మీ. ఖాళీ ఉంటే చాలు. ఆ తర్వాత నాలుగు తీగల్నీ ఒకే బలంతో మీటి రికార్డు చేసి, ఏది గట్టిగా వస్తే ఆ వైపు స్క్రూ కొంచెం దింపు. ఇక్కడ పది నిమిషాలు పెట్టావంటే గట్టి, మెల్లని స్వరాల తేడా తగ్గించే కంప్రెసర్‌కి సగం పని తగ్గిపోతుంది.

ఇక వేళ్లు. నీ అసలు పని ఇక్కడే, అల్లుడూ. మీటే చోటు మారితే టోన్ మారుతుందని నీకు తెలుసు. బ్రిడ్జ్ దగ్గర మీటితే ముక్కుతో పాడినట్టు గట్టిగా, మెడ దగ్గర మీటితే ఒళ్లు నిండుగా ఉంటుంది. ఒక పాటలో చోటు ఎంచుకున్నాక పల్లవి నుంచి చరణం దాకా వేలు అక్కడే ఉండాలి. తెలియకుండానే రెండంగుళాలు జరుగుతావు, తర్వాత మిక్స్‌లో కూర్చుని ఈ చరణం ఎందుకు డల్‌గా ఉందని ఈక్యూ తిప్పుతావు. ఫ్రెట్ ఎంపిక కూడా అంతే. A తీగ మూడో ఫ్రెట్ మీద ఉన్న C స్వరం, E తీగ ఎనిమిదో ఫ్రెట్ మీద కూడా ఉంది. మొదటిది స్పష్టంగా ముందుకొస్తుంది, రెండోది లావుగా, కాస్త మసకగా ఉంటుంది. ఒకే వరసలో ఈ రెంటినీ కలిపి వాయిస్తే ఇద్దరు మనుషులు వాయించినట్టుంటుంది.

ఆపడం మాత్రం రెండు చేతుల పని. ఎడమచేతి వేలిని తీగ మీద నుంచి పూర్తిగా ఎత్తేస్తే ఖాళీ తీగ మోగుతుంది. వేలు ఫ్రెట్ వదలాలి గానీ తీగని వదలకూడదు. ఇందులో ఒక చిక్కుంది: ఐదు, ఏడు, పన్నెండో ఫ్రెట్ల మీద ఒక్క వేలితో అలా ఆపబోతే హార్మోనిక్ కీచుమంటుంది. అక్కడ పక్కవేలు కూడా ఆనించు. రెండు చోట్ల తాకిన తీగ నోరెత్తదు. కుడిచేతి బొటనవేలు పికప్ మీదే పాతుకుపోకూడదు. A తీగ మీద వాయిస్తుంటే బొటనవేలు E తీగ మీదికి రావాలి, D మీద వాయిస్తుంటే పక్కకి వాలి E, A రెండింటినీ పట్టాలి. నీ రెండో టేకులో పల్లవి మొత్తం వెనకాల E తీగ సన్నగా హోరు పెడుతూనే ఉంది. ఆ ఉబ్బు సగం అక్కణ్ణించే వస్తోంది.

సాధన ఇలా చెయ్యి. తాళం కొట్టే క్లిక్‌ని నిమిషానికి 80 బీట్ల మీద పెట్టి, ఒకే స్వరాన్ని బీటుకొకటి చొప్పున ఒక నిమిషం రికార్డు చెయ్యి. 80లో ఒక బీటు 750 మిల్లీసెకన్లు. మొదట స్వరాన్ని సగం బీటులో, అంటే 375 దగ్గర ఆపు. తర్వాత ముప్పావు దగ్గర, తర్వాత పూర్తిగా. ఇప్పుడు వేవ్‌ఫారమ్ పెద్దది చేసి చూడు. తలల ఎత్తు ఎంత సమానంగా ఉందో అందరూ చూస్తారు, నువ్వు తోకలు చూడు. ఒకటి నిలువునా తెగి, ఇంకొకటి సాగి, మరొకటి రెండుసార్లు తుళ్లి ఆగితే నీ సంగతి అక్కడే బయటపడుతుంది. అది కుదిరాక డ్రమ్స్ పెట్టుకుని, ఒకటో బీటు మీద మీటిన స్వరాన్ని సరిగ్గా స్నేర్ డ్రమ్ దెబ్బ పడేచోట ఆపు. స్నేర్‌ని ముట్టుకోకుండానే అది గట్టిగా వినిపిస్తుంది.

చేతికి ఆ అదుపు వచ్చేలోపు స్పాంజి వాడుకో. గిన్నెలు తోమే స్పాంజిలో గరుకు పొర తీసేసి, సెంటీమీటరు మందం ముక్క కోసి, బ్రిడ్జ్ పక్కన తీగల కింద దోపు. తీగల్ని అడుగు నుంచి తాకాలి అంతే, పైకి నెట్టకూడదు. నెడితే శ్రుతి పోతుంది. బ్రిడ్జ్‌కి ఎంత దగ్గరగా ఉంటే మోత అంత సాగుతుంది. స్వరం ధమ్మని పడి చప్పున అణగాలంటే కాస్త ముందుకు జరుపు.

గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్‌లో గిటార్ గుర్తు ఉన్న ఇన్‌పుట్‌లోనే పెట్టు, ఇన్‌స్ట్రుమెంట్ బటన్ ఉంటే నొక్కు. ఆ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ఒక మెగాఓమ్ దాకా ఉంటుంది, లైన్ ఇన్‌పుట్‌ది పది కిలోఓమ్‌ల దగ్గరే. బ్యాటరీ లేని పాసివ్ పికప్‌ని లైన్‌లో పెడితే పైనున్న మెరుపంతా చచ్చిపోతుంది, దుప్పటి కప్పినట్టుంటుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. నువ్వు ఎంత గట్టిగా మీటినా మీటర్ మైనస్ 6 డెసిబెల్స్ (డీబీ) దాటకూడదు. అందుకు పాటలో అన్నిటికంటే గట్టి దెబ్బ కొట్టి గెయిన్ పెట్టుకో, మెల్లగా వాయిస్తూ కాదు. బ్యాటరీతో నడిచే యాక్టివ్ గిటారైతే పని కాగానే జాక్ పీకెయ్యి, లేకపోతే 9 వోల్టుల బ్యాటరీ ఊరికే దిగిపోతూ ఉంటుంది. బ్యాటరీ దిగితే గిటార్ లోపలి ప్రీయాంప్ మొదట చితికినట్టు మోగుతుంది, దాన్ని టోన్ అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

మూడో టేకులో హమ్ (కరెంటు హోరు) ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, E తీగ మూడో ఫ్రెట్ మీది G స్వరం 49 హెర్ట్జ్. హమ్‌ని ఈక్యూతో కోస్తే G కూడా పోతుంది, అందుకే దాన్ని రికార్డింగ్‌కి ముందే వదిలించుకోవాలి. చార్జర్ పీకేసి లాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపి చూడు. హమ్ పోతే గోల చార్జర్‌దీ ఎర్త్‌దీ. ఫెండర్ జాజ్ బేస్ మోడల్ అయితే రెండు పికప్‌ల వాల్యూమూ పూర్తిగా తెరిస్తే ఒకదాని హమ్ ఇంకొకటి కొట్టేస్తుంది. ఒకటి కొంచెం తగ్గించగానే తిరిగొస్తుంది. ప్రెసిషన్‌లో 1957 నుంచి వచ్చిన రెండు ముక్కల పికప్ తనంతట తనే హమ్‌ని ఆపుతుంది. ఏం చేసినా ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకు. హమ్ పోవడం కాదు, ప్రాణం పోతుంది.

యాంప్‌కి మైకు పెట్టడం నీ అపార్ట్‌మెంట్లో కుదిరే పని కాదు. ఎప్పుడైనా స్టూడియోలో కుదిరితే, మైకూ డీఐ (తీగతో నేరుగా తీసిన రికార్డింగ్) రెండూ కలిపేటప్పుడు ఒకటి గుర్తుంచుకో: మైకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే శబ్దం 0.9 మిల్లీసెకను ఆలస్యంగా వస్తుంది, 48 కిలోహెర్ట్జ్‌లో అది 42 శాంపిళ్లు. మైకు ట్రాక్‌ని అంత ముందుకి జరిపి, పోలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) చూసి, ఎలా ఉంటే కింది స్వరాలు నిండుగా వినిపిస్తాయో అలా ఉంచు.

నీ గది పది బై పన్నెండు అడుగులు అన్నావు కదా. పదడుగుల ఎదురెదురు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర గాలి ఊగుతుంది, పన్నెండడుగుల మధ్య 47 దగ్గర. ఖాళీ A తీగ 55, E తీగ రెండో ఫ్రెట్ 46. స్పీకర్లలో ఆ రెండు స్వరాలే బోరుమంటున్నాయంటే తప్పు గిటార్‌ది కాదు, గోడలది. ఉన్నచోటు నుంచి లేచి రెండడుగులు పక్కకి జరిగి విను. బోరుమనడం తగ్గితే ఈక్యూ ముట్టుకోకు. అడుగు స్వరాల నిర్ణయాలు హెడ్‌ఫోన్లో చెయ్యి.

మిక్స్‌లో బేస్‌ని సోలో పెట్టి దిద్దకు. ఒంటరిగా అందంగా ఉన్న బేస్ పాటలో మునిగిపోతుంది, పాటలో నిలబడే బేస్ ఒంటరిగా వింటే కాస్త మొరటుగా ఉంటుంది. 30 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని హైపాస్ ఫిల్టర్‌తో కోసెయ్యి. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), బేస్ ఇద్దరిలో అడుగున ఎవరుండాలో నిర్ణయించు. కిక్ 60 దగ్గర కూర్చుంటే బేస్‌కి 90 నుంచి 100 దగ్గర చోటివ్వు, లేదా తిరగేసి. ముద్దగా ఉంటే 250 దగ్గర 2, 3 డీబీ తగ్గించు, అంతకంటే తీశావంటే ఒళ్లు పోతుంది. మాటలా వినిపించాలంటే 700 నుంచి 1000 మధ్య కొంచెం పెంచు.

కంప్రెసర్ నిష్పత్తి 4:1, అటాక్ (పని మొదలెట్టే సమయం) 30 మిల్లీసెకన్లు, రిలీజ్ (వదిలే సమయం) 150, గట్టి స్వరాల మీద 4 డీబీ తగ్గితే చాలు. అటాక్ 1కి దించితే వేలి దెబ్బ చచ్చిపోతుంది. రిలీజ్ మరీ తక్కువ పెడితే అడుగు స్వరాలు చిరిగిపోతాయి. ఎందుకంటే ఖాళీ E తీగ ఒక ఊపుకి 24 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, కంప్రెసర్ స్వరాన్ని వదిలి ఒక్కో ఊపు వెంటా పరుగెడుతుంది.

ఫోన్లో జాడలేదన్నావు. ఫోన్ స్పీకరుకి ఆ కింది స్వరాలు పలికే శక్తి లేదు, ఎంత పెంచినా పలకదు. పైనున్న హార్మోనిక్స్ వినబడితే కింది స్వరాన్ని చెవి తనే కల్పించుకుంటుంది. బేస్ ట్రాక్‌ని ఇంకో కాపీ చేసి, 300 హెర్ట్జ్ కిందా 4000 పైనా కోసేసి, దానిమీద ఓవర్‌డ్రైవ్ (సౌండుని చితకగొట్టే ఎఫెక్ట్) వెయ్యి. దాని వాల్యూమ్ ఫేడర్ పూర్తిగా దించి, ఫోన్లో వింటూ మెల్లగా లేపు. బేస్ వరస చెవికి అందిన చోట ఆపు. హెడ్‌ఫోన్లో అది చితుకుడుగా తెలిసిందంటే ఎక్కువైనట్టే. కాపీ కలపగానే అడుగు పలచబడితే పోలారిటీ తిప్పు.

క్లిక్ 80 మీద చేసిన ఆ ఒక్క నిమిషం ముందు పంపు, పాట తర్వాత. ఏ ఎఫెక్టూ లేని డీఐ, వేవ్ ఫైలుగా పంపు. ఎంపీత్రీ వద్దు, తోకలు సరిగ్గా తెలియవు. ఏ తీగలు వేశావో, ఎన్నాళ్లయిందో కూడా రాయి.

మీ మావయ్య