12 వోల్టుల వైరింగా, ఇంటి కరెంటా? ముందు ఫ్రిజ్ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: కరెంటు లైను రాని చోట రెండు గదుల ఇల్లు కట్టుకుంటున్నాం. సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీలతోనే గడపాలి. ఇల్లంతా 12 వోల్టుల డీసీ వైరింగ్ వేయిస్తే ఇన్వర్టర్ ఖర్చు మిగులుతుందని మావారు అంటున్నారు. మామూలు 230 వోల్టుల ఏసీ వైరింగే మంచిదని మా తమ్ముడి వాదన. చేతిలో ఉన్న డబ్బు ఏదో ఒక్కదానికే సరిపోతుంది. అప్పు చేసి రెండూ వేయించుకోమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: మీవారి మాటలో సగం నిజం ఉందండీ. మీ తమ్ముడి మాటలో ముప్పాతిక.

బ్యాటరీలోని డీసీ కరెంటును ఇంటి ఏసీగా మార్చే ఇన్వర్టర్ మానేస్తే మిగిలిందనుకున్న డబ్బులో పెద్ద వాటా రాగి వైరుకు పోతుంది. బ్యాటరీకి 10 మీటర్ల దూరంలో ఉన్న గదిలో లైట్లు, ఫ్యాను, టీవీ కలిపి 120 వాట్లు వాడుతున్నారనుకుందాం. 12 వోల్టుల్లో అది 10 ఆంపియర్లు. మామూలుగా ఇళ్లలో వాడే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే, పోను రాను 20 మీటర్లలో సుమారు 1.4 వోల్టులు దారిలోనే ఆవిరవుతాయి. ఉన్నదే 12 వోల్టులు, అందులో దాదాపు 12 శాతం గదికి చేరదు. లైటు మసకబారుతుంది, ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. ఈ నష్టాన్ని 3 శాతానికి తేవాలంటే 10 స్క్వేర్ ఎంఎం వైరు కావాలి, అంటే నాలుగు రెట్ల రాగి. అదే 120 వాట్లు 230 వోల్టుల్లో అర ఆంపియరు చిల్లర, సన్న వైరు చాలు. ఇక 500 వాట్ల మిక్సీని 12 వోల్టుల మీద తిప్పాలంటే 42 ఆంపియర్లు లాగుతుంది. వంటగదికి అంత లావు కేబులు ఎవరూ లాగరు. కాబట్టి ఇల్లంతా 12 వోల్టులన్న ఆలోచనను పక్కన పెట్టేయండి.

మీవారి మాటలో ఉన్న ఆ సగం నిజం మాత్రం చాలా విలువైనది. ఇన్వర్టర్ ఖర్చు దుకాణంలో బిల్లు కట్టడంతో అయిపోదు. ఆన్‌లో ఉంటే చాలు, ఇంట్లో ఒక్క లైటు వెలగకపోయినా అది కరెంటు తింటూనే ఉంటుంది. వెయ్యి, రెండు వేల వాట్ల మంచి ఇన్వర్టర్లు కూడా ఖాళీగా 10 నుంచి 20 వాట్లు లాగుతాయి, నాసిరకానివి ఇంకా ఎక్కువ. 20 వాట్లే అనుకున్నా రోజుకు 480 వాట్-అవర్లు, అంటే సుమారు అర యూనిట్. ఎండ లేని 14 గంటల వరకే లెక్కేసినా 280 వాట్-అవర్లు బ్యాటరీలోంచి పోతాయి. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేది 1,200 వాట్-అవర్లు. ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే, అంటే 600 వాడుకోవాలి. మరి ఆ సగంలో దాదాపు సగాన్ని ఏ పనీ చేయని ఇన్వర్టర్ తినేస్తోంది! కొన్ని ఏళ్లకోసారి మార్చాల్సిన బ్యాటరీలో అంత భాగం మీరు దానికోసమే కొంటున్నారన్నమాట.

అందుకే మిమ్మల్ని నేను అడిగే మొదటి ప్రశ్న, ఫ్రిజ్ కొంటున్నారా?

మామూలు ఏసీ ఫ్రిజ్ ఉంటే ఇన్వర్టర్ రాత్రింబవళ్లు ఆన్‌లో ఉండక తప్పదు. పైన చెప్పిన నష్టం ఎలాగూ భరిస్తున్నప్పుడు లైట్లకు వేరేగా డీసీ లైను వేసి మిగుల్చుకునేది చాలా తక్కువ. అప్పుడు మీ తమ్ముడు చెప్పినట్టు పూర్తిగా ఏసీకే వెళ్లండి. ఖాళీగా తక్కువ లాగే ప్యూర్ సైన్ వేవ్ (లైను కరెంటు లాంటి ఏసీనే ఇచ్చే) ఇన్వర్టర్ మీద నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టండి. ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే కొన్ని రెట్లు లాగుతుంది, ఇన్వర్టర్ సైజు దాన్ని బట్టి ఎంచుకోవాలి. నేరుగా డీసీ మీద నడిచే ఫ్రిజ్‌లూ దొరుకుతాయి. అదే సైజు మామూలు ఫ్రిజ్ కంటే ధర బాగా ఎక్కువ, రిపేరు చేసేవాళ్లు తక్కువ. ఆ అదనపు ధరను, ఇన్వర్టర్ తినే కరెంటు కోసం కొనాల్సిన బ్యాటరీ, ప్యానెల్ ధరతో పక్కపక్కన వేసి చూడండి. బ్యాటరీని మళ్లీ మళ్లీ మార్చే ఖర్చు కూడా అందులో కలపాలి సుమా.

ఫ్రిజ్ ఇప్పట్లో వద్దనుకుంటే కథ మారుతుంది. ఇల్లంతా ఏసీ వైరింగ్ వేయించి, బ్యాటరీకి దగ్గరగా ఒకే ఒక్క చిన్న డీసీ లైను పెట్టించండి. రాత్రి వెలిగే రెండు మూడు ఎల్‌ఈడీ లైట్లు, వైఫై రూటర్, ఫోన్ చార్జింగ్, కుదిరితే డీసీ మీద నడిచే ఒక బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాను దాని మీద ఉంటాయి. ఫ్యాను 30 వాట్ల లోపే కాబట్టి వైరు మరీ లావు అక్కర్లేదు. పడుకునే ముందు ఇన్వర్టర్ ఆపేయొచ్చు. మీరు అడిగిన ‘రెండూ’ ఇలా అయితే అప్పు లేకుండానే అవుతాయి.

ఈ చిన్న లైనులో డబ్బు వృథా అయ్యే చోట్లు కొన్ని ఉన్నాయి. 12 వోల్టుల బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు 14.4 వోల్టుల దాకా వెళ్తుంది. ఆ తేడాను తట్టుకోని చవక లైట్లు త్వరగా మాడిపోతాయి. రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టుల సెట్ పెడితే, కొందరు అందులో ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాగేస్తారు. చేయనివ్వకండి. ఒకటి ఎక్కువ ఖాళీ అయి, రెండోది ఓవర్‌చార్జ్ అయి చివరికి రెండూ పాడవుతాయి. 24 నుంచి 12కి దించే చిన్న కన్వర్టర్ వాడితే సరిపోతుంది. స్విచ్చులు, ఎంసీబీలు (కరెంటు మితిమీరితే వాటంతటవే ఆపేసే స్విచ్చులు) కూడా డీసీకి రేటింగ్ ఉన్నవే కావాలి. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వచ్చి పోతుంది కాబట్టి స్విచ్ ఆపగానే నిప్పురవ్వ ఆరుతుంది. డీసీలో ఆ అవకాశం లేదు. షాక్ కొట్టదన్న ధీమాతో ఫ్యూజు మానేయడం పెద్ద పొరపాటు. షార్ట్ అయితే 12 వోల్టుల బ్యాటరీ కూడా వైరును కాల్చేస్తుంది. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ పక్కనే ఫ్యూజు ఉండాలి.

ఇక అప్పు సంగతి. వైరింగ్ కోసం తీసుకోవద్దు, మీ అవసరానికి అంత ఖర్చే లేదు. తప్పదంటే ప్యానెళ్ల వరకు తీసుకోండి, వాటికి 25 ఏళ్ల పనితీరు వారంటీ మామూలే. బ్యాటరీకి మాత్రం, దాని వారంటీ కంటే ఎక్కువ కాలం నడిచే ఈఎంఐ పెట్టుకోకండి. పాత బ్యాటరీ చచ్చి కొత్తది కొనే రోజున పాతదాని వాయిదాలు ఇంకా కడుతూ ఉండటం కంటే పెద్ద టెన్షన్ లేదు. బ్యాటరీ ధరను దాని వారంటీ నెలలతో భాగించి, మొదటి నెల నుంచే ఆ మొత్తాన్ని వేరే ఖాతాలో వేస్తూ వెళ్లండి. వారంటీ దాటాక కూడా బ్యాటరీ బాగా పనిచేస్తుంటే ఆ డబ్బుతో మీ ఫ్రిజ్ గురించి ఆలోచించొచ్చు.