డచ్ కొనుగోలుదారు సూటి జవాబు: బేరం చెడినట్టు కాదు

రోటర్‌డామ్ కొనుగోలుదారు మీ గుంటూరు ఎండుమిర్చి నమూనా చూసి, రంగు సమంగా లేదనీ మీరిచ్చిన తేదీ నమ్మేలా లేదనీ రెండు వాక్యాల్లో రాశారని, బేరం చెడిందనుకుని పది రోజులుగా మీరు జవాబివ్వలేదని చెప్పారు. నా ఉద్దేశంలో ఆ ఉత్తరం కంటే మీ మౌనమే ఎక్కువ నష్టం చేస్తోంది. డచ్చివారు లోపాన్ని సూటిగా చెప్పడాన్ని అమర్యాదగా భావించరు. కొనే ఉద్దేశం లేనివారు సాధారణంగా ఆ మాటే రాసేస్తారు. మనం మొహమాటానికి అనే "చూద్దాం", "ప్రయత్నిస్తాం" వంటి మాటలను మాత్రం వారు ఒప్పుకోలుగా తీసుకుని, తేదీ దాటగానే నమ్మకం కోల్పోతారు.

అందువల్ల ఈరోజే, ఆలస్యానికి ఒక్క వాక్యంలో క్షమాపణ చెప్పి, కంటైనర్‌ను ఓడకెక్కించగల తేదీని, అది మీకు కష్టమనిపించినా, ఉన్నదున్నట్టు రాయండి. రంగు గురించి వాదించకుండా కొత్త నమూనాతో పాటు ప్రయోగశాల నివేదిక పంపండి. ఐరోపా సమాఖ్యలో ఎండుమిర్చికి, బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషపదార్థాల్లో బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు మించకూడదు కనుక, వారికి అసలు కావలసినవి ఆ అంకెలే. తర్వాత తగ్గించవచ్చని ధర పెంచి చెప్పే మన అలవాటు అక్కడ బెడిసికొడుతుంది.

ఒప్పందానికి ముందు ఆ సంస్థ తరఫున సంతకం చేసేవారికి అధికారం ఉందో లేదో డచ్ వాణిజ్య మండలి, అంటే కేవీకే, రిజిస్టర్‌లో సరిచూసుకోండి.