ప్రోటాన్లు ఢీకొన్నాయా, ఢీకొట్టాయా?

సందేహం: మా పదో తరగతి పిల్లలు గోడపత్రికకు సెర్న్ (జెనీవా దగ్గరి కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం) ప్రయోగం గురించి రాస్తూ ‘రెండు ప్రోటాన్లు ఢీకొట్టాయి’ అన్నారు. నేను ‘ఢీకొన్నాయి’ అని దిద్దాను. మా తెలుగు సారు రెండూ ఒకటేనన్నారు. పుస్తకాల్లో ‘అభిఘాతం’ అని ఉంటుంది, మా ఊళ్లో ‘టక్కరైనయ్’ అంటాం. ఏది రాయాలి?
– ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, నకిరేకల్

సమాధానం: మీరు దిద్దిందే సరైనది. ‘ఢీకొట్టు’ అన్న క్రియకు కొట్టేదొకటి, దెబ్బ తినేదొకటి కావాలి. ‘లారీ ఆటోను ఢీకొట్టింది’ అంటే వాక్యం నిండింది. ‘రెండు లారీలు ఢీకొట్టాయి’ అంటే వినేవాళ్లు ‘దేన్ని?’ అని అడుగుతారు; చెట్టో డివైడరో ఉందనుకుంటారు. ‘లారీ ఆటోను ఢీకొంది’ అని కూడా అంటాం కాబట్టి, అలాంటి చోట మీ తెలుగు సారు మాట నిజమే. కానీ కర్త బహువచనంలో ఉండి కర్మ లేనప్పుడు ‘ఢీకొన్నాయి’లో ‘ఒకదాన్నొకటి’ అన్న అర్థం దానంతటదే వస్తుంది. ‘ఢీకొట్టాయి’లో రాదు.

ఈ తేడా వ్యాకరణంతోనే ఆగిపోదు, అందుకే ఇంత పట్టుబడుతున్నాను. చిన్న వస్తువు ఎంత వేగంగా వచ్చి తగిలినా, కదలకుండా ఉన్న పెద్దదాన్ని కదిలించలేదని 1644లో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ రాశాడు. కొట్టేది వేరు, దెబ్బ తినేది వేరు అన్న ఊహ అందులో ఉంది. ఆ ఊహను డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ ఒక పడవతో పడగొట్టాడు. ఆ పడవను మనం సాగర్‌లో లాంచీ అనుకుందాం. లాంచీలో ఒకరు రెండు సమానమైన గట్టి గుండ్లను ఒకే వేగంతో ఎదురెదురుగా వదిలారు. అవి తగిలి, అదే వేగంతో వెనక్కి మళ్లాయి. లాంచీ కూడా ఒక గుండు వెళ్లే దిశలోనే, సరిగ్గా ఆ వేగంతోనే పోతోంది. ఒడ్డున నిలబడ్డ మనిషికి ఏం కనిపిస్తుంది? ఒక గుండు కదలకుండా ఉంది, రెండోది రెట్టింపు వేగంతో వచ్చి దానికి తగిలి ఆగిపోయింది, ఆగి ఉన్నది అదే వేగంతో సాగిపోయింది. లాంచీలోని మనిషి ‘ఢీకొన్నాయి’ అంటాడు, ఒడ్డు మీది మనిషి ‘ఢీకొట్టింది’ అంటాడు. జరిగింది ఒక్కటే. కొట్టిందెవరన్నది చూసేవాడు నిలబడ్డ చోటును బట్టి మారుతుంది. ద్రవ్యవేగ నిత్యత్వం (ద్రవ్యరాశిని వేగంతో హెచ్చిస్తే వచ్చే మొత్తం తాకిడికి ముందూ తర్వాతా మారకపోవడం) మాత్రం ఇద్దరి లెక్కలోనూ నిలుస్తుంది.

సెర్న్‌లో 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో రెండు ప్రోటాన్ పుంజాలు ఎదురెదురుగా తిరుగుతాయి. 2022 నుంచి ఒక్కో ప్రోటాన్ శక్తి 6.8 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. రెండు వైపులా సమానమే. అక్కడ ‘ఢీకొన్నాయి’ తప్ప మరో మాట అతకదు. రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో 1909లో పలుచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను (రేడియోధార్మిక పదార్థం నుంచి వెలువడే కణాలను) పంపినప్పుడు రేకు కదలకుండా ఉంది. అక్కడ ‘ఆల్ఫా కణం బంగారు కేంద్రకాన్ని ఢీకొట్టింది’ అని పిల్లలు రాస్తే దిద్దకండి.

‘అభిఘాతం’ పాఠ్యపుస్తకాల కోసం కుట్టిన మాట అనుకునేవాళ్లున్నారు. కాదు. ప్రాచీన సంస్కృత దర్శన గ్రంథమైన వైశేషిక సూత్రాల ఐదో అధ్యాయంలో రోకలి చర్చ వస్తుంది. రోలుకు తగిలి పైకి లేచే రోకలి కదలికకు చెయ్యి కారణం కాదు, అభిఘాతమే కారణం అంటారు అక్కడ. తగిలి విడిపోయే తాకిడి అభిఘాతం. విడిపోకుండా నెట్టేది నోదనం. ఇంత పదునైన మాటను వదులుకోవద్దు. కాకపోతే అది నామవాచకంగా, శీర్షికల్లో, ‘స్థితిస్థాపక అభిఘాతం’ (మొత్తం గతిశక్తి తగ్గని తాకిడి) లాంటి పదబంధాల్లో బాగుంటుంది. ‘ప్రోటాన్లు అభిఘాతం చెందాయి’ అని మాత్రం రాయించకండి, చదివే పిల్లలకు ఊపిరాడదు. పత్రికల్లో కనిపించే ‘ఘర్షణ’ అసలే వద్దు. పాఠంలో అది రాపిడికి పెట్టిన పేరు, పిల్లలు తికమకపడతారు.

ఇక ‘టక్కరైనయ్’. ఉర్దూ నుంచి వచ్చి మన జిల్లాల్లో స్థిరపడ్డ మాట. ‘రెండు బండ్లు టక్కరైనయ్’ అన్నప్పుడు అందులో కొట్టిందెవరో, దెబ్బ తిన్నదెవరో లేదు. క్లాసులో పాఠం చెప్పేటప్పుడు నిస్సంకోచంగా వాడండి. గోడపత్రికలో ‘ఢీకొన్నాయి’ ఉంచండి.