వారానికి ఒక్క పత్రిక చాలు

చి॥ అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ప్రపంచ ఆర్థిక వ్యవహారాలు, ఆసియా సంగతులు అర్థం కావాలంటే ఏం చదవాలని అడిగావు. ముందు, గంటగంటకీ ఫోన్‌లో వచ్చే మార్కెట్ వార్తలు మానెయ్యి.

ఎందుకంటావా? 2024 జులై 31న జపాన్ కేంద్ర బ్యాంకు ‘బ్యాంక్ ఆఫ్ జపాన్’ వడ్డీ రేటును 0.25 శాతానికి పెంచింది. అంతకుముందు జపాన్ కరెన్సీ యెన్‌లో చవగ్గా అప్పు తెచ్చి వేరే దేశాల్లో పెట్టినవాళ్లు బోలెడుమంది. యెన్ బలపడేసరికి ఆ అప్పు బరువెక్కి అమ్మకాలకు దిగారు. అమెరికా ఉద్యోగాల లెక్కలూ అదే వారం నీరసంగా వచ్చాయి. ఆగస్టు 5న జపాన్ షేర్ల సూచీ నిక్కీ 12 శాతానికి పైగా పడింది, మన సెన్సెక్స్ 2,200 పాయింట్లకు పైగా జారింది. మర్నాడే నిక్కీ 10 శాతం లేచింది. ఆ రెండు రోజుల వార్తలు చదివితే మిగిలేది కంగారే. అసలు కారణం వారాంతపు వ్యాసాల్లో దొరుకుతుంది.

లండన్ నుంచి వచ్చే వారపత్రిక ‘ది ఎకనమిస్ట్’ తీసుకో. శుక్రవారం పొద్దుటికి యాప్‌లో ఉంటుంది. మొత్తం చదవబోకు, నెల తిరక్కుండానే విసుగొస్తుంది. ఆసియా విభాగంలో ‘బన్యన్’ అనే శీర్షిక, ఫైనాన్స్‌లో ‘బటన్‌వుడ్’ అనే శీర్షిక, ఆ తర్వాత ఒక పుస్తక సమీక్ష, చివరి పేజీలో చనిపోయిన ఒకరి మీద వచ్చే సంస్మరణ, ఇవి చాలు. ఆ చివరి పేజీ మాత్రం ఎప్పుడూ వదలకు, ఒక దేశం ఒక మనిషి బతుకులో కనిపిస్తుంది.

అంకె కనబడగానే నోట్‌బుక్‌లో మన లెక్కలోకి మార్చి రాసుకో. బిలియన్ అంటే 100 కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. పక్కన డాలరా రూపాయా అన్నది తప్పకుండా రాసుకో. వృద్ధి రేట్ల దగ్గర ఇంకా జాగ్రత్త. అమెరికా తన ఆర్థిక వ్యవస్థ మూడు నెలల్లో 0.7 శాతం పెరిగితే, అదే వేగం ఏడాదంతా సాగినట్టు లెక్కగట్టి 2.8 శాతం అని చెబుతుంది. మనం నిరుడు ఇదే త్రైమాసికంతో పోల్చి చెబుతాం. ఆ రెండూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

‘ది ఎకనమిస్ట్’కు ఒక పక్షం ఉంది. బ్రిటన్‌లో ధాన్యం దిగుమతి సుంకాల మీద పోరాడటానికే జేమ్స్ విల్సన్ 1843లో దాన్ని పెట్టాడు. 1860లో మన దేశపు తొలి బడ్జెట్ పెట్టి, ఆదాయపు పన్ను తెచ్చిందీ ఆయనే. స్వేచ్ఛా వాణిజ్యం వైపు మొగ్గు ఇప్పటికీ పోలేదు. అందుకే ముంబై నుంచి వచ్చే ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వారానికి ఒక్క వ్యాసమైనా చదువు. భాష కాస్త బరువు, నెమ్మదిగా పట్టు దొరుకుతుంది.

శుక్రవారం సాయంత్రం రిజర్వు బ్యాంకు ఇచ్చే విదేశీ మారక నిల్వల అంకె కూడా రాసి పెట్టుకో. అది తగ్గిందంటే డాలర్లు అమ్మేశారనే అనుకోకు. ఆ నిల్వల్లో యూరో, బంగారం కూడా ఉంటాయి, డాలర్లలో వాటి విలువ మారినా ఆ అంకె మారుతుంది.

పెదనాన్న