ముత్తాతల తోబుట్టువులను వెతకాలంటే పేరు కన్నా పొలం గట్టి ఆధారం

మీరు అడిగినది ఇది: 1860 ప్రాంతంలో కోనసీమలో ఉన్న మీ తాతగారి తాత పేరు, ఇంటిపేరు, ఊరు తెలుసు. ఆయన తల్లిదండ్రులు, అన్నదమ్ములు ఎవరో తెలుసుకోవడం ఎలా? మాదీ అమలాపురం వైపే. మా ముత్తాత తండ్రి గురించి నేను ఇదే పని చేశాను కాబట్టి చెబుతున్నాను. పేరు పట్టుకుని వెళ్లకండి, పొలం పట్టుకుని వెళ్లండి.

పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం మన ఆనవాయితీ. ముగ్గురు అన్నదమ్ములు తమ పెద్దకొడుకులకు తండ్రి పేరే పెట్టుకుంటే, ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు సుబ్బన్నలు తయారవుతారు. తరం విడిచి తరం మళ్లీ అవే పేర్లు. వాళ్లను విడదీసేవి వయసు, భూమి మాత్రమే.

ముందు ఇంట్లో అడగాల్సింది అడగండి. మీ ఇంట్లో తద్దినాలు పెట్టే అలవాటుంటే పిండాలకు మూడు తరాల పేర్లు చెబుతారు. మహాలయ పక్షాల్లో తర్పణాలకు తల్లి వైపు పెద్దల పేర్లు కూడా వస్తాయి. ప్రభుత్వ కాగితాల్లో కనబడని ఆడవాళ్ల పేర్లు బతికేది ఇక్కడే. తాతగారి చేతిరాతతో తర్పణాల చీటీ ఏదైనా దొరికితే ఇంకో రెండు తరాలు వెనక్కి వెళ్లినట్టే. పెళ్లిళ్లై వెళ్లిన ఆడపడుచులను కూడా అడగండి. ఎవరి వాటా ఎవరికి పోయిందో మగవాళ్ల కన్నా వాళ్లకే బాగా గుర్తుంటుంది. సంవత్సరం పేరు చెబితే మాత్రం జాగ్రత్త, అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. నందన అంటే 1832 కావచ్చు, 1892 కావచ్చు. కరువుతో కలిపి చెబితే 1832-33 నాటి నందన కరువు అయ్యే అవకాశం ఎక్కువ.

ఇక అసలు నిధి ఇనాం రిజిస్టరు. ఇనాం అంటే మాన్యమే, పన్ను లేకుండానో తగ్గించో ఇచ్చిన భూమి. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. మాన్యం అనుభవిస్తున్న ప్రతివాడూ తన హక్కు రుజువు చేసుకోవలసి వచ్చింది. ఆ విచారణలో తయారైన ఇనాం ఫెయిర్ రిజిస్టరులో మాన్యం మొదట ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, వారి వయసెంత, మొదటివాడికి ఏమవుతారు, ఇవన్నీ వేర్వేరు గడుల్లో ఉంటాయి. పన్ను లెక్క కోసం రాసిన కాగితం మనకు వంశవృక్షమైంది. రాసింది ఇంగ్లీషులో. మన పేర్లను ఆ గుమాస్తాలు పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు, పైకి చదివి చూస్తే తప్ప పోల్చుకోలేం. సంవత్సరాలు ఫసలీల్లో, అంటే పాత శిస్తు లెక్కల సంవత్సరాల్లో ఉంటే 590 కలపండి. ఫసలీ 1271 అంటే 1861 జులై నుంచి 1862 జూన్ వరకు.

మా విషయంలో ఒక్క వరుసలోనే మూడు తరాలు తేలాయి. మాన్యం అన్నదమ్ములిద్దరి పేర ఉంది, మొదట పొందినవాడికి వీళ్లు మనవలని రాశారు. ఆ తర్వాతి సెటిల్‌మెంటు (భూములకు శిస్తు నిర్ణయించిన) లెక్కల్లో అన్న ఒక్కడే మిగిలాడు. తమ్ముడు రంగం (బర్మా) వెళ్లి తిరిగి రాలేదని మా ఇంట్లో చెప్పుకునేవారు. అది నిజం కాదు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పాత సంపుటాలు వెతికిస్తే 1870ల నాటి హక్కు విడుదల దస్తావేజు బయటపడింది. అందులో ‘జనక తండ్రి’ (కన్న తండ్రి) అని మా వాళ్ల పేరు, దత్త తండ్రి అని వేరే ఇంటిపేరు ఉన్నాయి. ఆయన నాలుగు ఊళ్ల అవతలికి దత్తు వెళ్లాడు, అంతే! వాటా వదులుకున్న తమ్ముణ్ణి సముద్రం దాటించిన మహానుభావుడెవరో మాత్రం ఏ రికార్డులోనూ లేదు. కాబట్టి అన్నదమ్ముల్లో ఒకరు హఠాత్తుగా మాయమైతే చావో వలసో అనుకునే ముందు దత్తత వైపు చూడండి. ఇంటిపేరు మారిపోతుంది కాబట్టి పేరుతో వెతికితే ఎన్నటికీ దొరకరు.

రిజిస్ట్రేషన్ చట్టం 1864లో వచ్చింది. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీల ధృవపత్రం) 1983 నుంచే కాబట్టి అంతకు ముందువి సూచికలు తిరగేయించి చూడాల్సిందే. రాత గొలుసుకట్టు. వయసు మళ్లిన దస్తావేజు లేఖరి ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి, ఆయనకు ఇచ్చే రుసుము దండగ కాదు.

మాన్యం లేని రైతు కుటుంబమైతే సెటిల్‌మెంటు రిజిస్టర్లు, దస్తావేజులే దిక్కు. జమీందారీ గ్రామమైతే 1948 చట్టంతో ఎస్టేటు రద్దయ్యేదాకా లెక్కలన్నీ ఎస్టేటు దగ్గరే ఉండేవి. భూమే లేని కుటుంబాలకు ఈ దారులన్నీ దాదాపు మూసుకుపోతాయి. సర్కారు రాసుకున్నది శిస్తు కట్టేవాళ్ల గురించే. భూమి లేనివాళ్లలో ఎవరైనా మారిషస్‌కో దక్షిణాఫ్రికాలోని నటాల్‌కో కూలి ఒప్పందం మీద వెళ్లి ఉంటే మాత్రం తండ్రి పేరు, ఊరు, కులంతో సహా అక్కడ నమోదై ఉంటాయి. మారిషస్ కాగితాలు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ‘తరతరాలుగా ఇక్కడే’ అనే మాటనూ పూర్తిగా నమ్మకండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు వచ్చి స్థిరపడినవారూ ఉన్నారు.

జిల్లా పేరు దగ్గర తికమక పడకండి. మీ ఊరు 1859 దాకా రాజమండ్రి జిల్లా, తర్వాత గోదావరి, 1925 నుంచి తూర్పు గోదావరి, 2022 నుంచి కోనసీమ. నరసాపురం, భీమవరం, తణుకు తాలూకాల వారైతే 1904 నుంచి 1925 దాకా కృష్ణా జిల్లాలో ఉన్నారు కాబట్టి మచిలీపట్నం వైపూ వాకబు చేయాలి. ఇనాం రిజిస్టరు నకలు కోసం కలెక్టరేటు రికార్డు రూములోనూ రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనూ అడగండి. దరఖాస్తులో పాత తాలూకా, గ్రామం రాయండి. ఇంట్లో ఏ పాత కాగితం మీదనైనా ‘టి.డి. నంబరు’ అని కనబడితే అదీ రాయండి. ఇనాం కమిషన్ ఇచ్చిన హక్కు పత్రం సంఖ్య అది, అది ఉంటే వెతికేవాడు నేరుగా మీ వరుస దగ్గరికే వెళ్తాడు.